తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించడానికి ‘నడ్జ్’ పనికొస్తుందా? తిరుపతిలో ఒక కాలనీ కోసం సలహా కావాలి

కొర్లగుంట_కాలనీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తిరుపతిలో కొర్లగుంట వైపు ఉన్న మా కాలనీ సంఘం తరఫున అడుగుతున్నా. మొత్తం 24 వీధులు, వీధికి పాతిక చొప్పున దాదాపు 600 గడపలు. సగం సొంతిళ్లు, సగం బాడుగ ఇళ్లు. కార్పొరేషన్ చెత్త ఆటో పొద్దున ఆరున్నరకీ ఎనిమిదికీ మధ్య వస్తుంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు చాలా ఇళ్లలో ఉన్నాయి గానీ, ఒకదాంట్లో చెత్తంతా కలిపేసి మిగతా రెండింటినీ నీళ్లు పట్టుకోవడానికో, ఎర్రగడ్డలు పోసుకోవడానికో వాడుకుంటున్నారు. కంటిచూపు లెక్కన వేరు చేసి ఇచ్చేవాళ్లు పదిళ్లకు మూడిళ్లు ఉంటారు.

ప్రవర్తనా ఆర్థికశాస్త్రం (మనుషులు నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారో చూసే శాస్త్రం) చదివినవాళ్లు కమిటీలో ఇద్దరున్నారు. బలవంతం లేకుండా, చిన్న మార్పుతో జనాన్ని మంచి పనివైపు నెట్టడాన్ని ‘నడ్జ్’ అంటారట. నాలుగు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, బ్రిటన్ పన్నుల శాఖ పంపినట్టు ‘మీ కాలనీలో 90 శాతం మంది చెత్త వేరు చేసి ఇస్తున్నారు’ అని ఇంటింటికీ ఉత్తరం. రెండు, కలిపి ఇచ్చిన ఇంటికి 50 రూపాయల జరిమానా. మూడు, నెలనెలా లక్కీ డిప్ తీసి ఒక ఇంటికి ప్రెషర్ కుక్కర్. నాలుగు, కలిపి ఇచ్చిన బుట్టల ఫోటోలు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం. సంఘం దగ్గర 40 వేల రూపాయలున్నాయి. వీటిలో ఏది చేయాలి, ఏది చేయకూడదు? పనిచేసిందని ఎలా తేల్చుకోవాలి?

స్వచ్ఛ_పలమనేరు:

నాలుగు ప్రతిపాదనలూ ఇంట్లో ఉండేవాళ్ల మనసు మార్చడం గురించే ఉన్నాయి. దానికంటే ముందు ఆటో సంగతి చూడండి.

ఐదు రోజుల పాటు ఒక మనిషిని ఆటో వెంట పంపించి నాలుగు విషయాలు రాయించండి. వెనకాల తొట్టిలో అడ్డుపలక సరిగ్గా ఉందా? ఏ వీధి దగ్గరికి వచ్చేసరికి తడి వైపు నిండిపోతోంది? నిండాక కార్మికుడు మిగతా తడి చెత్త ఎక్కడ వేస్తున్నాడు? దించే చోట రెండూ విడిగా దించుతున్నారా? మన ఇళ్లలో వచ్చే చెత్తలో బరువు లెక్కన సగానికి పైగా తడి చెత్తే. తొట్టి మాత్రం చాలా ఆటోల్లో చెరి సగంగా ఉంటుంది. అందుకే సగం దారిలోనే తడి వైపు నిండిపోతుంది, ఆ తర్వాతి వీధులవాళ్లు వేరు చేసి ఇచ్చినా వాళ్ల కళ్లముందే పొడి వైపు కుమ్మరిస్తారు. కార్మికుడి తప్పు కాదది, అతనికి వేరే చోటు లేదు. కానీ గడపలో నిలబడి చూసినావిడ రేపటి నుంచి ఎందుకు వేరు చేస్తుంది?

దీనికి మందు మామూలుదే. పొడి చెత్త కంపు కొట్టదు, నాలుగు రోజులు ఇంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. తడి చెత్త రోజూ, పొడి చెత్త బుధవారం, శనివారం మాత్రమే తీసుకునేలా వార్డు శానిటేషన్ సెక్రటరీతో, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి. ఆటోలో చోటు సమస్య తీరుతుంది, ఇంట్లోవాళ్లకు రోజూ ‘ఇది ఏ బుట్ట?’ అనే తర్జనభర్జన కూడా తగ్గుతుంది.

ప్రభుత్వ పథకాల్లో ముందు సేవ, తర్వాత ప్రోత్సాహం అనే ఈ వరస ఎంత ముఖ్యమో చెప్పే ప్రయోగం ఒకటుంది. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా పల్లెల్లో పిల్లల టీకాల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో బృందం చేసిన ఆ ప్రయోగం 2010లో అచ్చయింది. ఏమీ చేయని పల్లెల్లో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతం. నెలనెలా చెప్పిన రోజుకు తప్పకుండా శిబిరం పెట్టిన పల్లెల్లో 18 శాతం. శిబిరంతో పాటు టీకాకొక కిలో పప్పు, అన్నీ పూర్తయితే భోజనం పళ్లేలు ఇచ్చిన చోట 39 శాతం. పప్పు గురించే అందరూ చెప్పుకుంటారు. ఆ పప్పు పనిచేసింది నర్సు తప్పకుండా వచ్చే చోట. మీ కాలనీకి నర్సు అంటే ఆటో.

ఇక వంటగది. చెత్త కలిసిపోయేది గుమ్మం దగ్గర కాదు, సింకు దగ్గర. ఆరు గంటలకు ఒక పక్క దోసె పెనం మీద ఉంటుంది, ఇంకో పక్క కూరగాయలు తరుగుతుంటారు, చేయి తడిగా ఉంటుంది. ఆకుపచ్చ బుట్ట మాత్రం మూతతో సహా వరండాలో ఉంటుంది. అందుకే కొళాయికి ఒక ప్లాస్టిక్ కవర్ తగిలించి పొట్టు, టీ పొడి, పాల ప్యాకెట్, మాత్రల అట్ట అన్నీ అందులోనే వేసి ముడి వేసేస్తారు. మార్చాల్సింది ఆ కవర్ని. తడి బుట్ట చేయి చాపితే అందే చోట, మూత తీసి, అడుగున ఒక దినపత్రిక కాగితం వేసి ఉంచాలి. చారు పిప్పి, టీ పొడి వడకట్టి నీళ్లు పోయాక వేయాలి. నీళ్లు కారితే రెండో రోజుకే విసుగొచ్చి మళ్లీ కవర్‌కే పోతారు. పొడి చెత్తకు తలుపు వెనక మేకుకు ఒక గోతం సంచి చాలు. నీలం బుట్ట నీళ్లకు వాడుకుంటుంటే వాడుకోనివ్వండి, దాని కోసం పోట్లాడొద్దు.

పాల ప్యాకెట్ గురించి ఒక మాట. మూల పూర్తిగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్క తప్పకుండా తడి చెత్తలోకి పోతుంది, ఎరువు జల్లెడలో కూడా చిక్కదు. మూల ఊడిపోకుండా సగం వరకే కత్తిరించి, కడిగి, ఆరబెట్టి సంచిలో వేయమనండి.

40 వేలను 600తో భాగిస్తే ఇంటికి 66 రూపాయలు. ఒక సంచి, ఒక మేకు, ఒక కార్డు అందులో వచ్చేస్తాయి. కుక్కర్ల కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది వీటి మీద.

నడ్జ్_నోట్స్:

పైన చెప్పింది అక్షరాలా నిజం. మీ నాలుగు ప్రతిపాదనల గురించి మాత్రం చెబుతాను.

ఉత్తరం: బ్రిటన్ ప్రయోగం నిజమే. పన్ను బాకీ ఉన్న లక్ష మందికి పైగా జనానికి రకరకాల ఉత్తరాలు పంపారు, ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. అన్నిటికంటే బాగా పనిచేసింది ‘పదిమందిలో తొమ్మిది మంది సకాలంలో పన్ను కడతారు, కట్టని అతి కొద్దిమందిలో మీరు ఒకరు’ అనే అర్థం వచ్చే వాక్యం. కానీ అక్కడ ఆ తొమ్మిది నిజం. పైగా పక్కింటివాడు పన్ను కట్టాడో లేదో ఎవరికీ కనిపించదు. మీ కాలనీలో వేరు చేసేది ముప్పై శాతం. ఎదురింటి బుట్టలో ఏముందో రోజూ పొద్దున అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. 90 అని రాస్తే మొదటి రోజే అబద్ధమని తేలిపోతుంది, ఆ తర్వాత సంఘం పేరుతో ఏ కాగితం వచ్చినా చదవరు.

అలాగని ‘70 శాతం మంది వేరు చేయడం లేదు, సిగ్గుచేటు’ అని నిజం రాసినా నష్టమే. అమెరికాలోని అరిజోనాలో శిలాజ వృక్షాల జాతీయ వనం ఉంది. ఎంతోమంది చెక్కముక్కలు ఎత్తుకుపోవడంతో అడవి పాడైపోతోందని బోర్డు పెట్టిన చోట దొంగతనాలు పెరిగాయని మనస్తత్వవేత్త రాబర్ట్ చల్దీనీ బృందం చూపించింది. అందరూ చేసేదే కదా అనే ధైర్యం ఆ బోర్డే ఇచ్చింది. మన ఆఫీసుల గోడల మీద ‘ఇక్కడ ఉమ్మరాదు’ పక్కనే ఎర్రటి మరకలున్న చోట కూడా జరిగేది ఇదే.

మీలాంటి చోట పనికొచ్చేది పెరుగుదల లెక్క. ‘ఈ వీధిలో పోయిన వారం 7 ఇళ్లు, ఈ వారం 11 ఇళ్లు’ అని వీధి చివర ఒక పలక మీద రాయండి. అంకె నిజమైనదై ఉండాలి, పేర్లు ఉండకూడదు, వారానికొకసారి మార్చాలి. ఒక జాగ్రత్త ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ మార్కస్‌లో కరెంటు వాడకం మీద 2007లో అచ్చయిన అధ్యయనంలో, సగటు కంటే తక్కువ వాడేవాళ్లకు సగటు ఎంతో చెప్పగానే వాళ్ల వాడకం పెరిగింది. అంకె పక్కన ఒక నవ్వు ముఖం గీసినప్పుడు పెరగలేదు. అందుకని బాగా చేస్తున్న వీధికి అంకె ఒక్కటే చూపించి వదిలేయకండి, పక్కన మెచ్చుకోలు ఒక మాట రాయండి.

జరిమానా: సంఘానికి జరిమానా వేసే చట్టబద్ధమైన అధికారం లేదు, ముందు అది గుర్తుపెట్టుకోండి. అధికారం ఉన్నా నేను వద్దనే అంటాను. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశుసంరక్షణ కేంద్రాల్లో 20 వారాల పాటు ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాల్లో ఐదో వారం నుంచి చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు. పదిహేడో వారంలో జరిమానా తీసేసినా తగ్గలేదు. అంతకుముందు టీచరమ్మకు ఇబ్బంది పెడుతున్నామే అన్న మొహమాటం ఉండేది, జరిమానాతో అది కాస్తా రుసుము అయిపోయింది. మీ కాలనీలో పేయింగ్ గెస్ట్ హాస్టల్ నడిపేవాళ్లకు 50 రూపాయలు చాలా చవక బేరం. ఇంకోటి, 2021లో మొదలైన చెత్త రుసుము మీద మన రాష్ట్రంలో ఎంత రగడ జరిగిందో, 2024లో దాన్ని ఎలా ఎత్తేస్తామన్నారో జనానికి ఇంకా గుర్తుంది. ఇంటింటికీ పోయి చెత్త పేరుతో 50 రూపాయలు అడిగితే చెత్త పన్ను మళ్లీ వచ్చిందనే అనుకుంటారు.

లక్కీ డిప్: చిన్న అవకాశాన్ని మనిషి దాని అసలు విలువ కంటే ఎక్కువగా ఊహించుకుంటాడని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లోనే సిద్ధాంతీకరించారు. 600 మందిలో ఒకరికి వచ్చే కుక్కర్ ఆశ పుట్టిస్తుంది, నిజమే. కానీ టీకాకూ చెత్తకూ తేడా చూడండి. టీకా కొద్దిసార్లు వేయిస్తే అయిపోతుంది, కిలో పప్పు ఆ కొద్దిసార్లు లాక్కొస్తే చాలు. చెత్త వేరు చేయడం బతికున్నన్నాళ్లు రోజూ చేసే పని. బహుమతి ఆపిన నెలకు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. పెట్టాలనుకుంటే మొదటి రెండు నెలలే పెట్టండి. ముందు ఇంటి నంబరు చీటీ తీసి, ఆ పొద్దున ఆ ఇంటి బుట్టలు చూసి, వేరు చేసి ఉంటేనే ఇవ్వండి. లేకపోతే ఆ ఇల్లు ఏదో బయటపెట్టకుండా ఇంకో చీటీ తీయండి.

ఫోటోలు: వద్దే వద్దు. ఇంటి ముందు బుట్ట పెట్టే మనిషి, చెత్త కలిపే మనిషి ఒకరు కాకపోవచ్చు. ఫోటో పడితే మాటపడేది పనిమనిషో, కొత్త కోడలో. శానిటరీ ప్యాడ్లు, మందుల అట్టలు ఉండే బుట్టను ఫోటో తీయడం మర్యాద కూడా కాదు. బాడుగవాళ్ల పేర్లే ఎక్కువ బయటికొస్తాయి, ఆపైన అది చెత్త గొడవగా ఆగదు.

లెక్కలమాస్టారు_చిత్తూరు:

‘పనిచేసిందని ఎలా తేల్చుకోవాలి’ అన్న మీ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నా.

పోల్చి చూడటానికి ఇళ్లను కాదు, వీధుల్ని రెండు గుంపులుగా విడగొట్టండి. ఒకే వీధిలో ఒక ఇంటికి సంచి ఇచ్చి పక్కింటికి ఇవ్వకపోతే ‘మాకేం తక్కువ’ అని గొడవ. పలకేమో వీధంతటికీ కనిపిస్తుంది. ఆటో మార్పును ప్రయోగంలో కలపకండి, అది 24 వీధులకూ ఒకేసారి వస్తుంది. మీరు పరీక్షించేది సంచి, మేకు, కార్డు, పలక అన్నీ కలిపి ఒకే మూటగా. నాలుగు ప్రతిపాదనలకు నాలుగు గుంపులు చేస్తే గుంపుకు ఆరు వీధులే వస్తాయి, ఏదీ తేలదు.

ఆటో కొత్త పద్ధతి రెండు వారాలు నడిచాక ఐదు పొద్దులు ప్రతి ఇంటి బుట్ట చూసి ఇప్పుడెలా ఉందో రాసుకోండి. ఒక్కరోజు చూస్తే చాలదు. ఆదివారం మాంసం వండిన ఇల్లు, పండగ మర్నాడు అరిటాకులు, పూలు కుమ్మరించిన ఇల్లు ఆ ఒక్కరోజుతో తప్పు లెక్కలోకి పోతాయి. తర్వాత 24 వీధుల్ని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పేర్చి, పక్కపక్క రెండేసి కలిపి 12 జంటలు చేయండి. ఒక్కో జంటకు నలుగురి ముందు బొమ్మాబొరుసు వేయండి. బొమ్మ పడిన వీధికి మూట ఇప్పుడు, రెండోదానికి మూడు నెలల తర్వాత. అందరికీ వస్తుంది, ముందూ వెనకా మాత్రమే తేడా. కమిటీ సభ్యుల వీధులకు ముందు ఇద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అక్కడివాళ్లు ఎలాగూ ముందు చేసేవాళ్లే, లెక్క అక్కడే పాడవుతుంది.

చూసే మనిషికి ఏ వీధికి మూట వెళ్లిందో తెలియకపోతే మేలు. పలక ఉంటుంది కాబట్టి పూర్తిగా దాచలేరు, కనీసం బయటి కాలేజీ పిల్లల్ని పెట్టండి. కొలత ముందే రాసి పెట్టుకోండి: తడి బుట్టలో ప్లాస్టిక్, అట్ట, గాజు లాంటివి మూడుకు మించితే కలిపినట్టు, మూడు లేదా తక్కువైతే వేరు చేసినట్టు. ఐదు రోజుల్లో నాలుగు రోజులు వేరు చేస్తేనే ఆ ఇల్లు లెక్కలోకి. బుట్టే బయట పెట్టని ఇళ్లను విడిగా రాయండి, తీసేయకండి. పలక చూసి మొహమాటపడి చెత్త మూల మీద పడేసి రావడం మొదలైతే అది ఈ గడిలోనే బయటపడుతుంది. ‘మీరు వేరు చేస్తున్నారా?’ అని అడిగి మాత్రం రాయకండి. అందరూ ఔననే అంటారు.

మళ్లీ కొలవాల్సింది మూడో వారం, ఆరో వారం, పన్నెండో వారం. మూడో వారంలో అంతా కొత్త మోజు. ఆరో వారం తర్వాత పలక రాయడం ఆపేయండి. పన్నెండో వారం అంకె మీదే నాకు ఆసక్తి, అలవాటైందా లేదా అనేది అక్కడ తెలుస్తుంది.

ఎంత తేడా వస్తే మీ కంటికి ఆనుతుందో కూడా ముందే తెలుసుకోండి. 30 శాతం నుంచి 50కి పోతే, ఒకే వీధిలోని ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి ఇళ్ల సంఖ్యను 2.2 రెట్లు చేసుకుని లెక్కేసినా, వైపుకు 8 లేక 9 వీధులు చాలు. మీకు 12 ఉన్నాయి. 30 నుంచి 45కి పోతే వైపుకు 14 లేక 15 కావాలి, మీకు కొద్దిగా తక్కువ. 30 నుంచి 40కి అయితే వైపుకు 31 కావాలి, మీ దగ్గర లేవు. ఆ 2.2 అన్నది వీధిలోపలి పోలిక 0.05 (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అన్ని ఇళ్లూ ఒకేలా) అనుకుని, పాతికిళ్ల వీధికి వేసింది. జంటలు కట్టడం వల్ల కొంత కలిసొస్తుంది, అయినా పెద్దగా ఆశ పెట్టుకోకండి. చివర్లో విశ్లేషణకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు: వీధికొక శాతం, జంటకొక తేడా, మొత్తం 12 తేడాలు. వాటిలో పది, పదకొండు ఒకే వైపు మొగ్గితే అది అదృష్టం కాదు.

కొర్లగుంట_కాలనీ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఫోటోలు, జరిమానా నిన్న రాత్రే కమిటీలో పక్కన పెట్టేశాం. మూడు సందేహాలు. కమిటీలో ఒకాయన 30 నుంచి 80 శాతానికి పోవాలి, పుస్తకాల్లో అలాగే ఉంది అంటున్నారు, ఆయనకేం చెప్పాలి? ఇదే పద్ధతి ఇంటి పన్ను బకాయిలకు పనికొస్తుందా అని వార్డులో అడుగుతున్నారు. బాడుగ ఇళ్లవాళ్లు ఏడాదికోసారి మారిపోతుంటారు, వాళ్ల సంగతేంటి?

నడ్జ్_నోట్స్:

ఆయనకు రెండు అంకెలు చూపించండి: 8.7, 1.4. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లీనోస్ అనే పరిశోధకులు కలిసి చేసి 2022లో అచ్చేసిన లెక్క అది. పరిశోధన పత్రికల్లో అచ్చయిన నడ్జ్ ప్రయోగాల్లో సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు (30 శాతం 38.7 అయినట్టు). ప్రభుత్వాల కోసం పనిచేసే రెండు పెద్ద నడ్జ్ బృందాలు చేసిన 126 ప్రయోగాలు, 2 కోట్ల 30 లక్షల మంది మీద, ఒక్కటీ వదలకుండా తీసుకుంటే సగటు 1.4 పాయింట్లు. మోసం ఏమీ లేదు. బాగా వచ్చిన ఫలితం పత్రికకు పోతుంది, రానిది బీరువాలో ఉండిపోతుంది. 1.4 కూడా తక్కువేం కాదు, లక్షల మందికి దాదాపు ఖర్చు లేకుండా వస్తుంటే. కానీ 50 పాయింట్లు ఆశించడం మాత్రం అన్యాయం.

ఈ రంగంలో కూలిపోయిన ఫలితాలు కూడా ఉన్నాయి. ఫారం చివర్లో కాకుండా మొదట్లోనే సంతకం పెట్టిస్తే జనం నిజాయితీగా నింపుతారని 2012లో వచ్చిన పత్రాన్ని, అందులోని ఒక డేటా కల్పితమని తేలాక 2021లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఎన్నో ప్రభుత్వ కార్యాలయాలకు దాన్ని సిఫారసు చేసి ఉన్నారు. అందుకే మాస్టారు చెప్పిన బొమ్మాబొరుసు నాకు ఏ ఉత్తరం కంటే విలువైనదిగా కనిపిస్తుంది.

పెద్ద ఫలితాలు వచ్చేది ఎక్కడంటే, మనిషి ఏమీ చేయకుండా ఊరుకున్నా సరైనదే జరిగే చోట. ఆర్థికవేత్తలు థేలర్, బెనార్ట్జీల పొదుపు పథకంలో ఉద్యోగి ఒక్కసారి ఒప్పుకుంటే, జీతం పెరిగినప్పుడల్లా పొదుపు దానంతటదే పెరుగుతుంది. 40 నెలల్లో పొదుపు రేటు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పోయింది. మీ పనిలో అలాంటి చోటు ఒక్కటే ఉంది: బుధ, శనివారాలు తప్ప పొడి చెత్త తీసుకోని ఆటో. అది ఊరుకున్నవాణ్ణి కూడా సరైన దారిలో పెడుతుంది. పలక, కార్డు దానికి తోడు మాత్రమే.

మన దేశంలో 2018-19 ఆర్థిక సర్వే నడ్జ్ మీద ఏకంగా ఒక అధ్యాయం రాసింది, బేటీ బచావో, స్వచ్ఛ భారత్ ఉదాహరణలతో. అది చదవండి. దాంతోపాటు ఇదే రంగంలో పెద్దవాళ్లైన నిక్ చేటర్, జార్జ్ లోవెన్‌స్టైన్ 2022లో పెట్టిన అభ్యంతరమూ వినండి. వ్యక్తిని కొద్దిగా సర్దే పనిలో పడి, వ్యవస్థను మార్చాలన్న ఒత్తిడిని తగ్గించామని వాళ్ల బాధ. మీ కాలనీలో ఆ ప్రమాదం ఇలా ఉంటుంది: సంచులు పంచి ఫోటో దిగాక, ఆటో గురించి అడిగేవాళ్లు ఉండరు.

పన్నులబల్ల:

ఇంటి పన్ను గురించి క్లుప్తంగా. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఉంది. నోటీసుల్లో దాన్ని లాభంగా రాస్తారు. నష్టంగా, రూపాయల్లో రాసి చూడండి: ‘మీ పన్ను 4,200. ఏప్రిల్ 30 దాటితే 210 రూపాయలు పోగొట్టుకుంటారు.’ శాతం అంటే జనానికి అందదు, 210 అందుతుంది. అసెస్‌మెంట్ నంబరు, నేరుగా చెల్లింపు పేజీ తెరిచే క్యూఆర్ కోడ్, కట్టాల్సిన మొత్తం, ఈ మూడూ మొదటి సగం పేజీలోనే ఉండాలి. చట్టం సెక్షన్లు వెనక పేజీకి పోవాలి. ఏప్రిల్ మొదటి వారంలో ఒకటి, 24, 25 తేదీల్లో ఒకటి చాలు. జీతాలు పడేది నెల మొదట్లో కాబట్టి, మొదటిది ఐదో తేదీలోపు చేరితే మంచిది.

ఉత్తరం సరిచేయలేని విషయం ఒకటుంది. పాత బకాయిల మీద వడ్డీ మాఫీ ఎప్పుడో ఒకప్పుడు ప్రకటిస్తారని బకాయిదారులకు బాగా తెలుసు. మాఫీ వచ్చిన ప్రతిసారీ సకాలంలో కట్టినవాడు ‘నేనెందుకు తొందరపడ్డాను’ అనుకుంటాడు. కాబట్టి పాత బకాయిదారుల మీద ఉత్తరాల ప్రయోగం చేయకండి, ఒక్క ఏడాదే తప్పినవాళ్ల మీద చేయండి. మరచిపోయినవాళ్లు, బద్ధకించినవాళ్లు ఉండేది వాళ్లలోనే. ఉత్తరం కదిలించగలిగేదీ వాళ్లనే.

స్వచ్ఛ_పలమనేరు:

బాడుగవాళ్లను సమస్యగా చూడకండి, మీకు దొరికిన మంచి అవకాశం వాళ్లే. ఇల్లు మారిన మొదటి వారంలో వంటగదిలో ఏది ఎక్కడ పెట్టాలో ఇంకా కుదరదు. అప్పుడు కుదిరిన చోటే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కొత్తవాళ్లకు తాళం ఇచ్చేటప్పుడే ఇంటి ఓనరు సంచి, కార్డు ఇచ్చేలా మాట్లాడుకోండి. తలుపు వెనక మేకు ఓనరే ముందుగా కొట్టి ఉంచాలి, బాడుగవాళ్లు గోడకు మేకు కొట్టాలంటే జంకుతారు. 600 సంచులూ ఒకేసారి పంచకుండా ఓ వంద పక్కన పెట్టండి.

హాస్టళ్లు, లాడ్జీలు, కల్యాణ మండపాలు ఈ లెక్కలో కలపకండి. ఘన వ్యర్థాల నిబంధనల్లో రోజుకు సగటున 100 కిలోలు దాటే చోట్లకు వేరే బాధ్యతలున్నాయి, వాళ్లతో కార్పొరేషనే మాట్లాడాలి. వాళ్ల చెత్త మీ ఆటోలోనే పడుతుంటే తడి వైపు తొందరగా నిండడానికి అసలు కారణం అదే కావచ్చు. ఆటో వెంట పంపే మనిషికి ఇది కూడా రాయమనండి.

ఎరుపు బుట్టను మరిచిపోకండి. ప్యాడ్లు, డైపర్లు, బ్లేడ్లు, కాలం చెల్లిన మందులు. చాలా ఇళ్లలో బుట్ట బయట పెట్టేది మగవాళ్లు, అందుకే ప్యాడ్లు నల్ల కవర్‌లో చుట్టి తడి చెత్త అడుగున దాచేస్తారు. దినపత్రికలో చుట్టి దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెడితే చాలు, కార్మికురాలు విప్పకుండా పక్కకు తీస్తుంది. ఈ సంగతి కార్డు మీద రాయడం కంటే మహిళా సంఘాల సమావేశంలో చెప్పించడం మంచిది.

కార్డు అరచేతి అంత, ఒకే వైపు ముద్రించినది చాలు. ఇలా రాయొచ్చు:

రోజూ: ఆకుపచ్చ బుట్ట. కూరగాయల పొట్టు, అన్నం, టీ పొడి, పూలు, అరిటాకు. కవర్‌లో కట్టకండి, నీళ్లు వడకట్టండి.
బుధ, శని: తలుపు వెనక సంచి. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టినవి, అట్టలు, సీసాలు, డబ్బాలు.
ఎప్పుడైనా: కాగితంలో చుట్టి ఇంటూ గుర్తు పెట్టినవి చేతికివ్వండి.

టెంకాయ పీచు, చిప్పలు, ఎముకలు ఎటు పోవాలో అడగకుండా రాయకండి. తూకివాకంలో చెత్త శుద్ధి చేసేవాళ్లు ఏ వైపు తీసుకుంటారో శానిటరీ ఇన్‌స్పెక్టర్ ద్వారా కనుక్కుని, ఆ జవాబే కార్డు మీదకెక్కించండి. మన ఊళ్లో ప్రతి ఇంట్లోనూ వారానికొక టెంకాయైనా కొడతారు, ఆ ఒక్క సందేహంతోనే రెండు బుట్టలూ కలిసిపోతాయి. కార్డు కింద ఆటో డ్రైవరు నంబరు వేయకండి, మనిషి మారితే పనికిరాదు. వార్డు సచివాలయం నంబరు వేయండి. ఆటో రాని రోజు ఫోన్ ఎవరెత్తుతారో అచ్చు వేయించే ముందే అడిగి రాయించుకోండి.